కోనసీమలో రోడ్డు ప్రాజెక్టుకి ప్రజాసభ పెట్టేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కోనసీమలో రెండు వరుసల రోడ్డుని వెడల్పు చేసి, ఊళ్ళ దగ్గర బైపాసులు తీసే ప్రాజెక్టుకి మీ సంస్థ కన్సల్టెంటు. డీపీఆర్, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదిక, ఇంకా తయారవుతోంది. వచ్చే నెలలో మండలానికో సభ పెట్టాలి. పక్క మండలంలో ఇంతకుముందు ఎవరో పెట్టిన సభ మొదలైన కాసేపటికే కుర్చీలు లేచాయి. గొడవ లేకుండా ఎలా నడపాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి, పరిహారం రేటు అడిగితే ఏం చెప్పాలి, జనం బహిష్కరిస్తే ఏం చేయాలి అని అడిగారు. నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ ఇలాంటి సభలకు పిలిస్తే వెళ్తుంటాను. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

సభ రోజు గొడవ ఎలా ఆపాలన్న దాని గురించి మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారండి. మైకు ఎవరి చేతికివ్వాలి, పోలీసులు ఎక్కడ నిలబడాలి అన్నవి ఆఖర్న చూసుకునే సంగతులు. మన డెల్టాలో రోడ్డే వద్దని వచ్చేవాళ్ళు తక్కువ. రోడ్డు కట్ట లేస్తే తన చేలో నీరు ఎటు పోతుందని అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి వేదిక మీద ఉండడు. హైవే ఇంజనీరు 'అది ఇరిగేషన్ వాళ్ళు చూసుకుంటారు' అంటాడు. కుర్చీ లేచేది సరిగ్గా అప్పుడే.

అసలు మీరు పెట్టేది ఏ సభో ముందు తేల్చుకోండి. జనానికి అన్నీ రోడ్డు మీటింగులే, చట్టానికి మాత్రం కావు. ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి కావాల్సి వస్తే 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు. దాన్ని నడిపేది మీరు కాదు, కాలుష్య నియంత్రణ మండలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకి తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో చర్చల సారాంశం జనానికి తెలుగులో చదివి వినిపించాలి. భూమి విషయానికొస్తే, జాతీయ రహదారుల చట్టం 1956 కింద తీసుకుంటే 3ఏ నోటిఫికేషను (భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన) వెలువడిన 21 రోజుల్లోగా 3సీ కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. 2013 భూసేకరణ చట్టం కింద అయితే సామాజిక ప్రభావ అధ్యయనం, దాని మీద బహిరంగ విచారణ, ఆ తర్వాత 11వ సెక్షన్ నోటిఫికేషను మీద అభ్యంతరాలకి 60 రోజుల గడువు ఉంటాయి. అయితే మన రాష్ట్రం 2018లో తెచ్చిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. మీ ఫైలు ఏ దారిలో నడుస్తోందో భూసేకరణ అధికారిని అడిగి రాసిపెట్టుకోండి.

మీరు చెప్పినదాన్ని బట్టి మీది వీటిలో ఏదీ కాదు. అలైన్‌మెంటు, అంటే రోడ్డు ఎటునుంచి ఎటు పోవాలన్నది, ఖరారు కాకముందు పెట్టే సంప్రదింపు సభ. ఒకందుకు ఇదే మంచిది, మార్చడానికి ఇంకా వీలుంటుంది. కానీ ఈ తేడా సభ మొదట్లోనే మైకులో చెప్పి తీరాలి. లేకపోతే ఏమవుతుందంటే, రైతు లేచి నాలుగు మాటలు గట్టిగా అంటాడు, తన అభ్యంతరం నమోదైపోయిందనుకుని ఇంటికి పోతాడు. కొన్నాళ్ళకి 3ఏ వస్తుంది. ఆ ప్రకటన రెండు స్థానిక పత్రికల్లో పడుతుంది గానీ ఆ రోజు పేపరు ఆయన చూడడు. 21 రోజులు దాటిపోతాయి. తర్వాత సర్వేయరు గొలుసు పట్టుకుని చేలోకి దిగినప్పుడు 'మీటింగులో చెప్పాను కదా' అంటాడు. చట్టం దృష్టిలో ఆయన ఏమీ చెప్పనట్టే. సభలో అన్న మాట వేరు, అభ్యంతర పత్రం వేరు అని తెలుగులో ఒక కాగితం అచ్చువేయించి అందరికీ పంచండి. గడువు లెక్క ఎప్పటినుంచో, అర్జీ ఎవరికివ్వాలో, రసీదు ఎలా తీసుకోవాలో అందులో ఉండాలి. మీ పైవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు, అభ్యంతరాలు మనమే పిలిచి తెచ్చుకున్నట్టని అంటారు. రాకుండా పోయిన అభ్యంతరాలు తర్వాత హైకోర్టులో రిట్‌గా వస్తాయని వాళ్ళకి గుర్తుచేయండి.

ఇక ఏది తేలిపోయింది, ఏది ఇంకా తేలలేదు అన్నది. రోడ్డు వస్తుంది, ఇంత వెడల్పు వస్తుంది అన్నవి ఢిల్లీలో తేలిపోయి ఉంటే ఆ మాటే చెప్పండి. తేలిపోయినదాని మీద అభిప్రాయం అడిగారంటే జనానికి ఇట్టే తెలిసిపోతుంది. బైపాసు ఊరికి ఎగువన పోవాలా దిగువన పోవాలా, తూములు ఎక్కడ ఎన్ని, అండర్‌పాసు ఏ పుంత (చేలదారి) దగ్గర, బస్సు ఆగే చోటు, గుడికో చర్చికో స్మశానానికో వెళ్ళే దారి తెగకుండా ఏం చేయాలి... ఇవి నిజంగా మీ చేతిలో ఉన్నవి. సభలో మాట్లాడాల్సింది వీటి గురించే. మనవాళ్ళకి ప్రాజెక్టుల మాట మీద నమ్మకం తక్కువ, అందుకు కారణమూ ఉంది. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద వంతెనలు కట్టాల్సిన మార్గం కాబట్టి ఆలస్యం ఎందుకో ఇంజనీర్లకి అర్థమవుతుంది. పిల్ల పెళ్ళికి అమ్ముకుందామనుకున్న అరెకరం హద్దురాళ్ళ మధ్య ఇరుక్కున్న మనిషికి ఆ సంగతి అనవసరం. మీ సభలో ఎవరో ఒకరు 'రైలు వచ్చాక మీ రోడ్డు సంగతి చూద్దాం' అంటారు. నవ్వేయకండి, వాదించకండి. భూమి ఎప్పటినుంచి ఆగిపోతుందో, ఎన్నాళ్ళు ఆగొచ్చో చెప్పండి. 3ఏ తర్వాత ఏడాదిలోగా, భూమి తీసుకుంటున్నామని ఖరారు చేసే 3డీ ప్రకటన రాకపోతే ఆ 3ఏ చెల్లదని చట్టంలోనే ఉంది. రైతుకి ఇది పనికొచ్చే సమాచారం.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మీ టైమంతా దీనిమీదే పెట్టమంటాను.

డెల్టా నేల సముద్రం వైపు చాలా నెమ్మదిగా వాలుతుంది. కాలువలూ, మురుగు కోళ్ళూ (మురుగునీరు దిగే పెద్ద కాలువలు) ఆ వాలు పట్టుకునే పోతాయి. కోస్తా పొడుగునా పోయే రోడ్డు, కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్ళే 216 లాంటిది, ఆ వాలుకి అడ్డంగా పోతుంది. అంటే దాని కట్ట ప్రతి కోడునీ, చేల మధ్య పోయే ప్రతి బోదెనీ (సన్నకాలువనీ) దాటాలి. మ్యాపులో మేజరు డ్రెయిన్లు కనిపిస్తాయి, వాటికి వంతెన పెడతారు. మీడియం డ్రెయినుకి కల్వర్టు పెడతారు. రైతులు తవ్వుకున్న బోదె మాత్రం టోపోషీటులో (సర్వే మ్యాపులో) ఉండదు, డ్రోను ఫొటోలో కొబ్బరి తోట కింద పోతుంటే కనపడదు. పాతిక ఎకరాల సార్వా (ఖరీఫ్) పైరు దానిమీదే ఆధారపడి ఉండొచ్చు. అదొక్కటీ మూసుకుపోతే అక్టోబరు, నవంబరు తుపానుల్లో వాన నీరు చేలో నిలబడి, కోతకొచ్చిన పంట అక్కడే మొలకెత్తిపోతుంది. 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్ళలో దీని గురించి ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు పారకపోవడం కూడా ఒకటి.

తూముల సంఖ్యతోనే అయిపోదు. తూము అడుగు మట్టం ఎంతన్నది అసలు ప్రశ్న. కోడు అడుగు కంటే తూము అడుగు కాస్త ఎత్తున పడిందంటే, ఎన్ని వెంట్లున్నా (నీరు పోయే కంతలున్నా) ఆ మేరకి నీరు ఎప్పటికీ దిగదు. పైగా సముద్రం పోటు మీదున్నప్పుడు కోళ్ళ ముఖాల దగ్గర నీరు దిగదు, ఎగదన్నుతుంది. గోదావరి కూడా వరద మీదుంటే ఆ రోజుల్లో అసలు ఎటూ పోదు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, దొరికే ఆ కాసిని గంటల్లోనే నీరంతా జారిపోవాలి. కాబట్టి 'మా డిజైను సరిపోతుంది' అంటే రైతు నమ్మడు. 'పాటులో ఎన్ని గంటలకి మా చేను ఆరుతుంది' అని అడుగుతాడు. ఈ ప్రశ్నకి సభలో జవాబు చెప్పాలంటే డ్రెయినేజీ విభాగం ఇంజనీరు మీ పక్కన కూర్చోవాలి. ఆయన పేరుతో కలెక్టరేటు నుంచి ఆదేశం వేయించుకోండి, ఫోన్లో పిలిస్తే రారు. ఆయన రాలేనంటే సభ తేదీ మార్చుకోండి గానీ ఆయన లేకుండా పెట్టకండి.

అందుకే సభకి ముందే అలైన్‌మెంటు పొడుగునా ఊరు ఊరుకీ నడవండి. సర్వేయరు, వీఆర్వో ఎలాగూ ఉంటారు. వాళ్ళతోపాటు నీటి సంఘం పెద్ద, కాలువ మీద పనిచేసే లస్కరు, ఆ చేలు చేసే ఇద్దరు ముగ్గురు రైతులు తప్పనిసరిగా ఉండాలి. లస్కరుకి ఏ లాకు ఎప్పుడు వదులుతారో, ఏ తూము ఏ సంవత్సరం పూడిపోయిందో అన్నీ తెలుసు, ఆయన్ని సభలకి ఎవరూ పిలవరు. నడుస్తూ ప్రతి బోదె దగ్గర ఆగి సర్వే నంబరు రాయండి, ఫొటో తీయండి, నీరు ఎటు నుంచి ఎటో బాణం గుర్తు పెట్టండి. వరద మట్టం అడగండి. ఏటిగట్టు పక్క ఊళ్ళలో 1986 వరదకి నీరు ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర ఆ ఏడాది 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలై వరద దాదాపు 26 లక్షలు, దాని ఫొటోలు కుర్రాళ్ళ ఫోన్లలోనే ఉంటాయి. ఆ మట్టాలు మీ క్రాస్‌సెక్షన్ బొమ్మ మీద గీతలుగా గీసి సభకి తీసుకెళ్ళండి. తను చూపించిన గోడ మీది గుర్తు మీ ఫ్లెక్సీ మీద కనిపిస్తే ఆ పెద్దాయన ఇక మీ తరఫునే మాట్లాడతాడు.

అండర్‌పాసుల గురించి ఒక హెచ్చరిక. రోడ్డు ఎత్తు పెంచకుండా నేలని తవ్వి అండర్‌పాసు ఇస్తామంటే డెల్టాలో ఎవరూ ఒప్పుకోకూడదు, మీరూ ప్రతిపాదించకూడదు. ఇక్కడ కాస్త లోతు తవ్వితే ఊట. వానాకాలమంతా అది చెరువే, మోటారు పెట్టి తోడేవాడు ఏ బిల్లు మీద తోడతాడు? అలాగే ఎత్తు, వెడల్పు చెప్పేటప్పుడు మీటర్లు చదవకండి. వరికోత మిషను ఎక్కించిన లారీ పడుతుందా, దింపిన కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు తిరుగుతుందా, అది చెప్పండి. కట్టకి మట్టి ఎక్కడినుంచి తెస్తారని కూడా అడుగుతారు. లంకల్లోంచి తవ్వుతారేమోనన్న భయం, టిప్పర్లు తిరిగి ఊరి రోడ్డు పాడవుతుందన్న భయం రెండూ అందులో ఉన్నాయి.

తేదీల విషయం. ఊడ్పులప్పుడు, మాసూళ్ళప్పుడు పెట్టకండి. జూలై, ఆగస్టుల్లో వరద వస్తే రెవెన్యూ వాళ్ళెవరూ మీకు దొరకరు. సంక్రాంతి చుట్టూ వారం పది రోజులు వదిలేయండి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉన్న చోట ఎవరూ మీ మాట వినరు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం రోజులు చూసుకోండి. సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజు, అధికారులు రారు. శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి. ఆదివారం పొద్దున ప్రార్థనలు. అన్నీ తీసేస్తే మిగిలేవి మంగళ, బుధ, గురు, శుక్రవారాలు. నా ఓటు ఫిబ్రవరికి, లేదా ఏప్రిల్లో దాళ్వా (రబీ) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజులకి. కాలువలు కట్టేశాక కోళ్ళ అడుగులు బయటపడతాయి, సభ మధ్యలో లేచి వెళ్ళి చూసి రావచ్చు కూడా. మీకు వచ్చే నెలే గడువంటున్నారు, కుదరకపోతే కనీసం సాయంత్రం నాలుగు తర్వాత పెట్టండి.

స్థలం గురించి మొహమాటం లేకుండా రాస్తాను. గుడి మండపంలో పెడితే దళితపేటవాళ్ళు రారు. ఊరి పెద్దరైతు కల్లంలో పెడితే కౌలుదారు వస్తాడు గానీ నోరు విప్పడు. కల్యాణ మండపం ఉచితంగా ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే, ఆయన భూమి అలైన్‌మెంటులో ఎక్కడుందో చూసి అప్పుడు సరేనండి. హైస్కూలు ఆవరణ అన్నిటికంటే మేలు, మార్చిలో అయితే పదో తరగతి పరీక్షలున్నాయేమో చూసుకోండి. ఎత్తు వేదిక కట్టించకండి. అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటే సగం కేకలు తగ్గుతాయి.

పెద్ద సభకి ముందు చిన్న కూర్చోబడులు కొన్ని వేరుగా పెట్టాలి. కౌలు రైతులవి అన్నిటికంటే ముఖ్యం. కోనసీమలో చేను ఒకరిది, చేసేది ఇంకొకరు. భూయజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, పరిహారం ఆయన ఖాతాలో పడుతుంది. 2013 చట్టంలో బాధిత కుటుంబం అన్న నిర్వచనంలో మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా ఉన్నారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, యజమాని ఎదురుగా మీరు చెబితే మరుసటి ఏడాది కౌలు ఊడుతుందని వినరు కూడా. కాబట్టి వాళ్ళతో విడిగా, వాళ్ళుండే చోటికే వెళ్ళి మాట్లాడండి, పేర్లు పెద్ద సభలో చదవకండి. డ్వాక్రా మహిళలతో మధ్యాహ్నం పూట వాళ్ళ నెలవారీ సమావేశంలోనే అరగంట అడిగి తీసుకోండి. బడికి పిల్లలు రోడ్డు ఎలా దాటుతారన్నది నేను చూసినంతలో వాళ్ళే ముందు అడుగుతారు. వంతెన కూడా ప్రాజెక్టులో ఉంటే రేవు దగ్గరికి వెళ్ళండి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (బల్లకట్టు) మీద రోజూ దాటేవాళ్ళు వంతెన ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. పంటు నడిపేవాళ్ళు, ఒడ్డున టీకొట్టు పెట్టుకున్నవాళ్ళు ఆ మాట వింటే బెంగపడతారు. ఇద్దరినీ ఒకే రోజు కలవండి. ఆక్వా చెరువులవాళ్ళు పొద్దున, సాయంత్రం మేత దగ్గరే ఉంటారు కాబట్టి వాళ్ళని గట్టు మీదే కలవాలి.

హాజరు పుస్తకం మీద చాలా సభలు చెడ్డాయి. సంతకం పెడితే భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నట్టని ఎవరో అంటారు, ఒక్క క్షణంలో అందరూ పెన్ను కింద పెట్టేస్తారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ప్రతి పేజీ పైన పెద్ద అక్షరాల్లో 'ఇది హాజరు మాత్రమే, భూమి ఇవ్వడానికి అంగీకారం కాదు' అని అచ్చు వేయించి, మైకులో చదివించండి. పేజీ మధ్యలో ఖాళీ గీతలు వదలకండి. సభ అయ్యాక అందరి ముందే మొత్తం లెక్కపెట్టి, ఆఖరి పేరు కింద గీత కొట్టి, పంచాయతీ కార్యదర్శి చేత సంతకం పెట్టించండి. ఫొటో తీసుకుంటామని ఎవరైనా అడిగితే తీసుకోనివ్వండి.

మ్యాపు తెలుగులో ఉండాలి. నేను వెళ్ళిన ఒక సభలో కన్సల్టెంటువాళ్ళు కట్టిన ఫ్లెక్సీ అంతా ఇంగ్లీషు, ఊళ్ళకి బదులు చైనేజీ నంబర్లు (రోడ్డు మొదలు నుంచి ఎంత దూరమో చెప్పే అంకెలు). జనం దాని ముందు నిలబడి తమ ఊరు వెతుక్కోవడంతోనే సరిపోయింది. లాకులు, రైసుమిల్లు, చర్చి, రావిచెట్టు, వాటర్ ట్యాంకు రాయండి. సర్వే నంబర్ల జాబితా విడిగా గోడకి అంటించి, పక్కన వీఆర్వోని కూర్చోబెట్టండి. ఆ రోజే అన్ని గ్రామ సచివాలయాల్లోనూ అదే మ్యాపు పెట్టండి. పెట్టకపోతే వాట్సాప్‌లో ఎవరో ఇంకో మ్యాపు తిప్పుతారు, మర్నాటికి స్థలాల బ్రోకర్లు ఊళ్ళోకి దిగుతారు.

నడిపే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నాయకుల ప్రసంగాలు మొదట పెట్టకండి, వాళ్ళు వస్తే గౌరవంగా ముందు వరసలో కూర్చోబెట్టి ఆఖర్న మైకివ్వండి. సర్వే నంబరు పోతున్నవాళ్ళకి మొదటి వంతు. మనిషికి మూడు నిమిషాలు. చెప్పిన ప్రతి మాటా అందరికీ కనపడేలా చార్టు మీద తెలుగులో రాయించి, 'నేను రాసింది సరేనా అండి' అని ఆయన్నే అడగండి. తన మాట కళ్ళముందు రాసినట్టు కనిపిస్తే ఎవరూ అదే మాట రెండోసారి అరవరు. మధ్యలో జవాబులు చెప్పడం మొదలెడితే అది వాదనవుతుంది, అన్నీ అయ్యాక వరసగా చెప్పండి. పోలీసులు గేటు బయట ఉంటే చాలు.

రేటు సంగతి. ఎంతని అంకె చెప్పకండి, చెప్పే అధికారం మీకు లేదు. అలాగని 'మా చేతిలో లేదు' అని కూర్చుంటే తప్పించుకున్నట్టే. లెక్క ఎలా కడతారో బోర్డు మీద రాసి చూపించండి. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. ఆ చుట్టుపక్కల గత మూడేళ్ళలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకొకటి. రెండింట్లో ఏది ఎక్కువైతే అది. దాన్ని పల్లెల్లో 1 నుంచి 2 లోపు రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. దానికి ఇళ్ళు, చెట్ల విలువ కలిపి, మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే అంతకంతా అదనపు పరిహారం. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారుల భూమికీ ఇదే లెక్క. కొబ్బరి చెట్టుకి ఉద్యానశాఖ, ఇంటికి రోడ్లు భవనాల శాఖ విలువ కడతాయి. అవార్డు, అంటే అధికారి తేల్చిన పరిహారం, నచ్చకపోతే 3జీ(5) కింద ఆర్బిట్రేటరుని (మధ్యవర్తిని) అడగొచ్చని కూడా చెప్పండి. ఇక్కడ అసలు మంట ఏమిటంటే, మనవాళ్ళు దస్తావేజులో తక్కువ రాయించుకుని మిగతాది చేతిలో ఇచ్చుకుంటారు. ఇప్పుడు ఆ తక్కువ అంకే సగటులోకి వస్తుంది. ఈ మాట వేదిక మీద అనకండి, వాళ్ళకి తెలుసు. గత మూడేళ్ళ దస్తావేజుల్లో మంచి ధర ఉన్నవి ఎవరి దగ్గరైనా ఉంటే నకళ్ళు తెచ్చి భూసేకరణ అధికారికి ఇవ్వమని మాత్రం చెప్పండి.

సభ అయిపోయాక పదిహేను రోజుల్లోపు ఒక పట్టిక సచివాలయం గోడ మీద ఉండాలి. ఎవరు ఏమడిగారు, ఏం చేస్తున్నారు, చేయకపోతే ఎందుకు చేయలేరు. 'పరిశీలిస్తాం' అన్న మాట ఆ పట్టికలో ఒక్కచోట కూడా ఉండకూడదు. ఫలానా బోదెకి తూము ఇవ్వలేం, దాన్ని వంద గజాల అవతలి కోడులో కలుపుతాం అని రాస్తే రైతు తిడతాడేమో గానీ నమ్ముతాడు. పట్టిక పెట్టాక రెండో సభ పెట్టండి, చిన్నదైనా ఫర్వాలేదు.

బహిష్కరణ. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకి కోరం అంటూ లేదు, పదిమంది వచ్చినా చెల్లుతుంది. కానీ మీది సంప్రదింపు సభ, ఖాళీ కుర్చీలని ఫొటో తీసి 'సభ నిర్వహించాం' అని రాసుకుంటే మీకు ఒరిగేదేమీ లేదు. ఊరు మొత్తం రాలేదంటే ఎవరో పిలుపునిచ్చారు, దాని వెనక ఒక అడక్కుండా పోయిన ప్రశ్న ఉంది. ఆ సాయంత్రమే ఇద్దరు మాత్రమే, కారు దూరంగా ఆపి, పిలుపునిచ్చినవాళ్ళ అరుగు మీదకి వెళ్ళి కూర్చోండి. కొత్త తేదీ వాళ్ళనే చెప్పమనండి. చట్టబద్ధమైన సేకరణ అయితే మాత్రం అలా కుదరదు. అనుకోని అత్యవసర పరిస్థితి వస్తే తప్ప తేదీ, స్థలం మార్చకూడదు. అదీ జిల్లా మేజిస్ట్రేటు సిఫారసుతోనే. మార్చిన సంగతి మొదట ప్రకటన వేసిన అదే పత్రికల్లో మళ్ళీ వేయాలి, అవే ఆఫీసుల్లో అంటించాలి. పత్రికలు అందని చోట డప్పు చాటింపు వేయించమని కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. లంక ఊళ్ళకి నేనైతే పత్రికలు వచ్చినా చాటింపు వేయిస్తాను, పొద్దున్న పడవలు కదలకముందు ఒకసారి, సాయంత్రం దీపాలవేళకి ఇంకోసారి.